కడలి లంకలు: చూచుటకా? కొనుటకా?

గోదావరి లంకలలో భూమి గలవారికి ఒక సంగతి యెవరును బోధింపనక్కరలేదు. వరదకాలమున ఏరు ఒక యొడ్డును కోయును. వేరొక యొడ్డున మేట వేయును. పట్టాలో ఐదెకరములున్నను పాదము మోపుటకు మూడెకరములే మిగులవచ్చును. అందుచేతనే లంకభూమి కొనువాడు దస్తావేజును చదువుటకు ముందు ఏటి పోకడను చదువును. తరతరముల అనుభవమువలన మనవారు సంపాదించిన యీ వివేకము సముద్రపుటొడ్డున నిలుచునప్పటికి మాత్రము మనలను విడిచిపోవుచున్నది. అచ్చటి చల్లగాలిని, తెల్లని యిసుకను, నీటినుండి లేచివచ్చు సూర్యబింబమును చూచి మురిసిన కన్నులకు క్రయపత్రములోని హద్దులే గాని కడలి పోకడ కనబడదు.

అమెరికా సంయుక్తరాష్ట్రముల తూర్పుతీరమునను, మెక్సికో సింధుశాఖ యొడ్డునను ఇట్టి కడలి లంకలు వందలమైళ్ళ పొడవున వరుసగా నున్నవి. వానిపై పట్టణములు వెలసినవి. ఏటేట లక్షలజనము విహారమునకు పోవుచున్నారు. పోయినవారిలో కొందరు ఇండ్లును స్థలములును కొనుచున్నారు. టెక్సాసు, న్యూజెర్సీ, వర్జీనియా, ఉత్తర కెరొలైనా రాష్ట్రములలో నేడు తెలుగువారు వేలసంఖ్యలో స్థిరపడియున్నారు. సెలవుదినమున పిల్లలతో పోయి చూచివచ్చిన చోటనే యొక యిల్లు కొన్నచో తమకు విడిదియు, తక్కిన దినములలో అద్దెయు లభించునను ఆలోచన వారికి కలుగుట సహజము. ఆ సొమ్ములో కొంతభాగము ఈ గడ్డమీది పొలమును అమ్మి పంపినదియు కావచ్చును. కావున ఈ విషయము మనకు దూరమైనది కాదు.

ముందుగా ఈ దీవుల స్వభావమును తెలిసికొనవలెను. ఇవి రాతిపునాదిగల దీవులు కావు. సముద్రపు టలలును, ఒడ్డువెంబడి పారు ప్రవాహములును తెచ్చి పోసిన యిసుకకట్టలు. ప్రధానభూమికి సమాంతరముగా సన్నగా సాగియుండును. ఒక ప్రక్క మహాసముద్రము, మరియొక ప్రక్క లోతు తక్కువగల ఉప్పునీటి సరస్సు. గొప్ప తుపాను వచ్చినప్పుడు అలలు దీవిని దాటిపోవుచు ముందు ప్రక్కనున్న యిసుకను వెనుక ప్రక్కకు చేరవేయును. ముందుభాగము తరుగును; వెనుకభాగము పెరుగును. ఇట్లు కొన్ని శతాబ్దములలో దీవి మొత్తము ప్రధానభూమివైపు కొంత కొంత జరుగుచుండును. సముద్రమట్టము పెరిగినకొలది ఈ జరుగుట త్వరపడును. ప్రకృతి దృష్టిలో ఇది నష్టము కాదు. ఇట్టి దీవి బ్రదుకుట యనగా జరుగుటయే. దానిపై సర్వేరాళ్ళు పాతి, ఇండ్లు కట్టి, హద్దులు వ్రాసికొన్నవానికి మాత్రమే యది నష్టము.

ఈ సంగతి కంతకును గొప్ప సాక్ష్యము టెక్సాసులోని గాల్వెస్టను. హ్యూస్టను మహానగరమునకు సుమారు 50 మైళ్ళ దూరమున నున్న యీ దీవి పొడవు 27 మైళ్ళు. వెడల్పు మిక్కిలి యెక్కువగా నున్నచోట మూడు మైళ్ళకు మించదు. దీని తూర్పుభాగమున గాల్వెస్టను నగరము వెలసినది. పందొమ్మిదవ శతాబ్దమున ఇది టెక్సాసులో నెల్ల సంపన్నమైన రేవుపట్టణము. ప్రత్తి యెగుమతి దీని జీవనాడి.

చూడబోవువారికి ఇచ్చట కొదవ లేదు. స్ట్రాండు అను వీధిలో ఆనాటి వర్తకుల పోతయినుపముఖముల భవనములు ఇప్పటికిని నిలిచియున్నవి. 1892లో పూర్తియైన బిషప్పు ప్యాలెసు అను రాతిమేడ 1900 నాటి తుపానును తట్టుకొని అనేకులకు ఆశ్రయమిచ్చినది; ఇప్పుడు దానిని ప్రజలు లోనికి పోయి చూడవచ్చును. 1877లో స్కాట్లండులో నిర్మింపబడిన ఎలిస్సా అను తెరచాపల ఓడ రేవులో ప్రదర్శనకున్నది. బొలివారు ద్వీపకల్పమునకు పోవు బల్లకట్టు ఓడ యెక్కుటకు రుసుము లేదు. దారిలో డాల్ఫినులు ఓడ వెంబడి ఈదుటయు, పెలికను పక్షులు గుంపులుగా ఎగురుటయు చూడవచ్చును. స్వాతంత్ర్యమును ప్రేమించువారికి ఇది పుణ్యస్థలమువంటిది. 1865 జూను 19వ తేదీన సేనాధిపతి గార్డను గ్రాంజరు టెక్సాసులోని బానిసలందరు స్వతంత్రులని ప్రకటించినది ఈ పట్టణముననే. ఆ దినము 2021లో సంయుక్తరాష్ట్రములకంతకును సెలవుదినమైనది. రెండుదినములుండి, ఇసుకలో నడిచి, ఈ చరిత్రను పిల్లలకు చెప్పి తిరిగివచ్చువాని ప్రయాణము వ్యర్థము కాదు.

ఇక నిలువ నీడ కట్టుకొనువాని సంగతి. 1900 నాటికి గాల్వెస్టను జనసంఖ్య 37,000లకు పైబడినది. నగరమున నెల్ల ఎత్తైన చోటు సముద్రమట్టమునకు తొమ్మిదడుగులైనను లేదు. సముద్రమునకు అడ్డుగోడ కట్టవలెనని కొంద రదివరకే చెప్పియుండిరి. కాని 1891లో అచ్చటి వాతావరణశాఖాధికారి ఐజాకు క్లైను, గాల్వెస్టనుకు తుపానువలన ఘోరమైన ముప్పు కలుగునను భయము వట్టి భ్రమయని పత్రికలో వ్రాసెను. గోడ కట్టలేదు. 1900 సెప్టెంబరు 8వ తేదీన 15 అడుగులకు మించిన ఉప్పెన నగరమును ముంచెను. కనీసము ఆరువేలమంది, పెక్కుర లెక్క ప్రకారము ఎనిమిదివేలమంది మరణించిరి. సముద్రపుటొడ్డున నున్న సెయింటు మేరీ అనాథాశ్రమములోని సన్యాసినులు పదుగురును పిల్లలను త్రాళ్ళతో తమ నడుములకు కట్టుకొనిరి. వారందరును, 90 మంది పిల్లలును మునిగిపోయిరి. ముగ్గురు బాలురు మాత్రము బ్రదికిరి. క్లైను భార్యయు ఆ రాత్రియే మరణించెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకొనిపడిన ఉప్పెనను మరువని మనకు, ఆ రాత్రి యెట్టిదో వేరుగ వర్ణింపనక్కరలేదు.

ఆ పట్టణవాసుల ధైర్యమును ఇచ్చట శ్లాఘింపవలెను. వారు దీవిని విడువలేదు. 1902లో అడ్డుగోడను ప్రారంభించి, 1904 నాటికి మూడుమైళ్ళకు పైగా, 17 అడుగుల ఎత్తున దానిని కట్టి ముగించిరి. సభలు జరుపు విధానమునుగూర్చి గ్రంథము వ్రాసి ప్రసిద్ధికెక్కిన హెన్రీ రాబర్టు ఈ పనిని ఆలోచించిన ముగ్గురు ఇంజనీర్లలో నొకడు. అంతటితో ఆగక, నగరమునే పైకెత్తిరి. రెండువేలకు పైగా కట్టడములను జాకీలపై నెత్తి, సముద్రమునుండి తవ్వి తెచ్చిన యిసుకనీటిని వాని క్రింద నింపిరి. ఏండ్లతరబడి ప్రజలు ఎత్తైన చెక్కబాటలపై నడుచుచు కాలము గడపిరి. ఇసుక నింపుటకు ప్రజాధనము వ్యయమైనది. ఎవరి యింటిని వారు సొంత ఖర్చుతో ఎత్తించుకొనవలసివచ్చినది. 1915లో దాదాపు అంతటి తుపానే మరల వచ్చినప్పుడు గోడవెనుకనున్న నగరమున ప్రాణనష్టము మిక్కిలి స్వల్పమైనది.

ఐనను కడలితో బేరము ఏకపక్షముగా తీరదు. గోడ నగరమును కాచినది గాని దాని యెదుటనున్న యిసుకతిన్నెను కాపాడలేకపోయినది. జరుగుటకు చోటులేని యిసుకను అలలు కోసికొనిపోయినవి. నేడు యాత్రికులు నడుచు తిన్నెలో పెక్కుభాగము ఇతరస్థలములనుండి తెచ్చి పోసినది. తుపాను వచ్చినప్పుడెల్ల మరల పోయవలసినది. వర్తకమును సయితము గోడ నిలుపలేదు. 1914లో హ్యూస్టనుకు లోతైన ఓడకాలువ తెరువబడినప్పటినుండి వ్యాపారలక్ష్మి లోనాటికి తరలిపోయినది. ఒకప్పుడు సమానస్కంధులైన రెండు నగరములలో నేడు హ్యూస్టను జనసంఖ్య 23 లక్షలు; గాల్వెస్టను జనసంఖ్య 50 వేలకు కొంచెము పైన.

2008 సెప్టెంబరు 13వ తేదీన వచ్చిన ఐక్ తుపాను మరియొక పాఠము నేర్పినది. గోడ సముద్రమువైపున ఉన్నది. నీరు వెనుకనున్న అఖాతమువైపునుండి నగరములో ప్రవేశించినది. పెరటిద్వారమును మరచి వీధితలుపునకు గడియ వేసినట్లయినది. గోడ లేని బొలివారు ద్వీపకల్పములో గిల్‌క్రిస్టు అను గ్రామమున దాదాపు ఇండ్లన్నియు కొట్టుకొనిపోయినవి. ఎత్తైన స్తంభములపై కట్టిన యొక యిల్లు ఒంటరిగా నిలిచిన చిత్రము లోకమంతటను ప్రచురితమైనది. ఈ ప్రాంతమునంతటిని కాచుటకు ద్వారములతో కూడిన మహా నిర్మాణమును సంయుక్తరాష్ట్రముల శాసనసభ 2022లో ఆమోదించినది. అది పూర్తియగుటకు దశాబ్దములు పట్టును. ఈలోపల సముద్రము ఊరకుండదు: అచ్చటి రేవులో నూరేండ్లకు పైగా తీసిన కొలతల ప్రకారము నీటిమట్టము సంవత్సరమునకు సుమారు ఆరున్నర మిల్లీమీటర్ల చొప్పున, అనగా శతాబ్దమునకు రెండడుగులకు పైగా పెరుగుచున్నది. భూమి క్రుంగుటయు ఇందులో చేరియున్నది.

కొనదలచినవాడు గాల్వెస్టనులో రెండు దీవులున్నవని తలంపవలెను. తూర్పున గోడవెనుక ఎత్తుచేసిన పాతపట్టణ మొకటి. పడమట గోడ లేక, స్తంభములపై నిలిచిన విహారగృహముల వరుస మరియొకటి. ప్రకటనలలోని చిత్రములు సాధారణముగా రెండవదానివి. ఇచ్చట శాసనము వింతగా నున్నది. 1959లో చేసిన టెక్సాసు శాసనము ప్రకారము ఇసుకతిన్నెపై, అనగా నీటి యంచునుండి పచ్చిక మొలచు హద్దువరకు, ప్రజలకు రాకపోకల హక్కున్నది. 2009లో ఓటర్లు ఈ హక్కును రాష్ట్ర రాజ్యాంగముననే చేర్చిరి. పచ్చికహద్దు లోపలికి జరిగినప్పుడు, నిన్న పెరటిలోనున్న యిల్లు నేడు ప్రజల తిన్నెపై నిలిచినట్లగును. అట్టి యింటిని తొలగింపుమని ప్రభుత్వము దావా వేయవచ్చును. ఈ సంగతిని తెలుపు హెచ్చరికపత్రమును అమ్మువాడు కొనువానికి ఇచ్చి తీరవలెనని శాసనమే విధించుచున్నది. ఆ పత్రమును చదువక సంతకము చేయువాడు తరువాత నెవరిని నిందించగలడు?

ఈ వివాదము రాష్ట్ర ఉన్నతన్యాయస్థానమువరకు పోయినది. తుపానువలన హద్దు హఠాత్తుగా జరిగినచో ప్రజల హక్కు దానితోపాటు జరుగదని, ఆ నేల యజమానిదేయని న్యాయాధిపతులు 2010లో అభిప్రాయపడి, పునర్విచారణానంతరము 2012లో దానినే స్థిరపరచిరి. యజమానులు గెలిచిరి. కాని ఆ గెలుపు ఫలితము నాలోచింపుడు. 2010 నాటి తీర్పు వెలువడినంతనే, దీవి పడమటిభాగమున ఇసుక పోయుటకు సిద్ధపరచిన సుమారు నాలుగుకోట్ల డాలరుల పథకమును రాష్ట్రప్రభుత్వము రద్దుచేసినది. ప్రజల హక్కు లేని నేలపై ప్రజాధనము వ్యయపరచరాదుగదా! నేల తమదైనది, దానిని నిలుపు యిసుక రాకపోయినది.

భీమా సంగతియు ఇట్టిదే. సాధారణ గృహభీమాలో వరదనష్టము చేరదు. దానికి వేరుగ, ప్రభుత్వము 1968లో నెలకొల్పిన వరదభీమా పథకములో చేరవలెను. ఆ పథకములో నివాసగృహమునకు లభించు గరిష్ఠ పరిహారము రెండున్నర లక్షల డాలరులు. టెక్సాసు తీరమున గాలివానకు మూడవ భీమా సామాన్యముగ అవసరమగును. పటములలో నూరేండ్లకొకసారి వచ్చు వరదయని వ్రాసియుండుటను చూచి, మన జీవితకాలమున రాదులే యని సంతోషింపరాదు. దాని యర్థము ప్రతిసంవత్సరమును నూటికొకపాలు అవకాశమున్నదని. ముప్పదేండ్ల ఋణము తీరులోపల అట్టి వరద యొక్కసారియైనను వచ్చు అవకాశము నూటికి 26 పాళ్ళు. నాలుగు ఋణములలో నొకటి నీటిలో పరీక్షింపబడునన్నమాట.

గాల్వెస్టనువలె పోరాడి నిలిచిన పట్టణములు అరుదు. ఓడిపోయినవానినిగూర్చి ప్రకటనలు మాటలాడవు. వర్జీనియా తీరమున హాగు దీవిపై బ్రాడ్‌వాటరు అను గ్రామముండెడిది. బడి, దేవాలయము, కొన్ని వందల జనము ఉండిరి. 1933 నాటి తుపాను తరువాత వారు ఇండ్లను పడవలకెక్కించి ప్రధానభూమికి తరలిపోయిరి. ఆ గ్రామస్థలము నేడు సముద్రగర్భమున నున్నది. అదే తుపాను మేరీలండులో ఓషన్‌సిటీ పట్టణపు దక్షిణపుటంచును తెగగొట్టి క్రొత్త మొగను తెరచినది. ఆ మొగను నిలుపుటకు రాతికట్టలు వేయగా, ఇసుక దక్షిణమునకు పోవుట తగ్గి, ఆవలనున్న అస్సటీగు దీవి ఉత్తరభాగము వేగముగా వెనుకకు జరిగినది. ఒకరి రక్షణ పొరుగువాని కోతయగుట మన యేటిగట్ల తగవులలో చూచినదే. ఆ అస్సటీగుపైననే 1950 తరువాత వ్యాపారులు వీధులు గీచి, సుమారు 5,000 స్థలములను విభజించి అమ్మకమునకు పెట్టిరి. 1962 మార్చిలో వచ్చిన తుపాను ఆ బాటను, అప్పటికి కట్టిన యిండ్లలో పెక్కింటిని తుడిచివేసినది. 1965లో ప్రభుత్వము ఆ దీవిని జాతీయ తీరవనముగా ప్రకటించినది. నేడు అచ్చట అడవిగుఱ్ఱములు తిరుగుచున్నవి; యాత్రికులు ఇసుకలో ఆ పాత తారుబాట ముక్కలను చూచుచున్నారు.

ఇవి పాతకథలని త్రోసివేయ వీలులేదు. ఉత్తర కెరొలైనాలోని హట్టెరాసు దీవిపై రొడాంథి, బక్స్టను గ్రామములలో 2020 మొదలు ఇరువదికి పైగా ఇండ్లు సముద్రములో కూలిపోయినవి. అదే దీవిపైనున్న దీపస్తంభమును 1870లో కట్టినప్పుడు నీరు 1,500 అడుగుల దూరమున నుండెను. నూరేండ్లలో 120 అడుగుల దగ్గరకు వచ్చినది. 1999లో ఆ మహాస్తంభమును కదలింపవలసివచ్చి, 23 దినములలో 2,900 అడుగులు లోపలికి జరపిరి. జాతిసంపదయైన దీపస్తంభమును జాతి మోసికొనిపోయినది. ఒక గృహస్థుని విహారగృహమును ఎవరు మోయుదురు?

ఈ ప్రశ్నయే ఇందులోని ధర్మప్రశ్న. సముద్రపుగాలి ననుభవించువాడు ఒకడు. గోడకు, ఇసుకకు, వంతెనకు పన్ను చెల్లించువాడు ఎక్కడనో లోనాటిలో నున్న సామాన్యుడు. అమెరికా ప్రభుత్వము 1982లో దీనికి కొంత సమాధానము చెప్పినది. ఇంకను కట్టడములు లేని అనేక తీరదీవులను పటములలో గుర్తించి, అచ్చట ఇల్లు కట్టుకొనుటను నిషేధింపక, బాటలకు, వంతెనలకు, వరదభీమాకు మాత్రము కేంద్రధనము ఇవ్వరాదని శాసించినది. నీ ధైర్యము నీది, నీ ఖర్చును నీదే యను ఈ నీతి కఠినముగా తోచవచ్చును గాని న్యాయమైనది. కొనదలచినవాడు తన స్థలము ఆ పటములలో నున్నదా లేదా యని మొట్టమొదట విచారింపవలెను.

మన తీరమునను ఇట్టి దీవియున్నది. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ సాగిన శ్రీహరికోట ఈ జాతికి చెందినదే. 1969లో దానిని అంతరిక్షకేంద్రమునకై ఎన్నుకొనిరి; కావున స్థలముల వ్యాపారము దానిపైకి పోలేదు. 2019 నుండి రాకెట్టు ప్రయోగములను చూచుటకు ప్రజలకు చోటు ఏర్పరచిరి. శీతకాలమున రాజహంసలను చూడ సూళ్ళూరుపేటకు పోవు జనము అసంఖ్యాకము. కాకినాడ యెదుటనున్న హోపు దీవి గత రెండుశతాబ్దములలో గోదావరి యిసుకతో పెరిగి, రేవునకు అలల తాకిడిని తగ్గించుచున్నది. దానికి ఉత్తరమున ఉప్పాడ గ్రామము ఏటేట కోతకు గురియగుచున్నది. మన దేశమున 1991 నుండి తీరప్రాంత నియంత్రణ ప్రకటనలున్నవి. గ్రామసీమలలో పోటుగీతనుండి 200 మీటర్లవరకు క్రొత్త కట్టడములు సామాన్యముగా నిషిద్ధము. 2019లో జనసాంద్రత హెచ్చుగానున్న గ్రామములకు దానిని 50 మీటర్లకు తగ్గించిరి. సముద్రతీరమున స్థలము లమ్ముచున్నామను ప్రకటనలు చూచువారు పోటుగీత యెక్కడనున్నదో, తమ స్థలము దానికెంత దూరమో అడుగుట మరువరాదు. గీత తగ్గించినంత మాత్రమున అలలు ఆగవు.

కడలి లంకలు కన్నులపండువులు. తప్పక చూడవలసినవి. అచ్చటి పట్టణములలో విడిది చేయుటవలన స్థానికులకు జీవనము, మనకు ఆరోగ్యము కలుగును. ఇల్లే కొనదలచినచో, లంకరైతు తన బిడ్డకు చెప్పు మాటనే చెప్పుదుము. గడచిన ఏబదియేండ్ల తీరరేఖ యెటు జరిగినదో చూడుము. నేల ఎంత ఎత్తుననున్నదో కొలువుము. మూడు భీమాలకు ఏటికెంత యగునో లెక్కించి అద్దెలోనుండి తీసివేయుము. తుపాను దినమున పారిపోవుటకు ఎన్ని దారులున్నవో, వంతెన యొక్కటియే యైనచో అది నీటిమట్టమునకు ఎంత పైననున్నదో తెలిసికొనుము. ఇవన్నియు తెలిసిన తరువాత, పోయినను సంసారము చెడదనదగిన సొమ్మే యైనచో కొనుము. ఇంటి పొలమును అమ్మి తెచ్చిన సొమ్మైనచో, ఆ దీవిపై రెండురాత్రులు హాయిగా గడపి, మూడవనాడు బల్లకట్టు యెక్కి రమ్ము.